దేవారా కింద పాతర

పోయినవారం కథ ఆగేసరికి సుందరబాయి దేవుళ్లను కొంగులో పోసుకుని నిలబడి ఉంది. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు.

నాగనాథ్ నాందేడ్ రైల్వే డివిజన్ ఆఫీసులో గుమాస్తా. పెళ్లయినప్పటి నుంచీ అద్దె గదుల్లో తిరిగి విసిగిపోయి, ఈ ఎండాకాలం తన మేనమామ కిషన్‌రావు వాడా కొనడానికి ఒప్పుకున్నాడు. వాడా అంటే నడుమ వాకిలి, చుట్టూ గదులు ఉన్న పాతకాలపు పెద్దిల్లు. అందులో సగం పోయినేడే శంకర్రావు అనే ఆయన కొనుక్కుని, మధ్యలో గోడ పెట్టించుకుని కాపురముంటున్నాడు. మిగిలిన సగం ఇప్పుడు నాగనాథ్‌కు రావలసింది. బయానా సొమ్ము ముందే ఇచ్చేశారు. సోమవారం రిజిస్ట్రీ.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన ఇల్లు కొని చూడమని ఎందుకనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరాయివాడి దగ్గర కొంటే గోడలు తడతాం, బీరువాలు జరిపిస్తాం, వర్షాకాలంలో ఎక్కడ కారుతుందో పక్కింటివాళ్లను అడుగుతాం. మేనమామ దగ్గర కొంటే? చిన్నప్పుడు భుజాన మోసినవాడి గోడలు తట్టి చూడడం మనవాళ్లలో ముఖాన ఉమ్మినంత పని. అంగట్లో వంకాయనైనా వత్తి చూసే మనిషి, చుట్టం అమ్మే ఇంటిని కళ్లెత్తి చూడడు. నాగనాథ్ కూడా చూడలేదు. అత్తయ్య ఇచ్చిన చాయ్ తాగి, మామ చేతిలో చెయ్యేసి వచ్చాడు. మొహమాటం మన జాతికి పట్టిన చెద.

చూసింది అతని భార్య స్నేహల్. బిలోలి దగ్గర రైతుల ఇంటి ఆడపిల్ల. ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూసే ఇంట్లో పెరిగింది, ఇంటిని చూడకుండా ఎలా ఉంటుంది? స్విచ్చుబోర్డు వెనక తీగ కాలి నల్లబడిందని చూసింది. స్నానాల గదికి కిటికీ లేదు, లోపలే గ్యాస్ గీజరు బిగించారని చూసింది. మేడ మీద పిట్టగోడ చేత్తో నెడితే ఊగుతోందని చూసింది. పైన పటారం, లోన లొటారం. ఇవన్నీ బాగు చేయించుకోగలిగినవే కనుక ఊరుకుంది. కాని నడిమింట్లో, గోడకు ఆనించి ఉన్న దేవారా ముందు, అంటే దేవుళ్లుండే చెక్క మందిరం ముందు నడుస్తుంటే కాలి కింద షాబాదు బండ డొల్లగా మోగింది. దేవారా జరిపి చూడాలంది. కిషన్‌రావు ససేమిరా అన్నాడు. ఇంకొకరి దేవారా మీద చెయ్యి వేయడానికి ఎవరికి మాత్రం ధైర్యముంటుంది?

ఆ ఇంట్లో ఒక్కరికి ఉంది. రోజూ అక్కడ దీపం పెట్టే సుందరబాయికి. ఆమె కిషన్‌రావు తమ్ముడు రామచందర్ భార్య. భర్త పోయిన తర్వాత ఆ వాడాలోనే ఒక గదిలో ఉంటోంది. ఆమె వచ్చి, విఠోబాను, భవానీని, అన్నపూర్ణను ఒక్కొక్కరినీ ఎత్తి కొంగులో పోసుకుంది. దీపం మాత్రం వెలుగుతూ గూట్లో పెట్టింది.

అక్కడే ఆగాం.

"సుందరబాయి, ఏం పని గిది?" అన్నాడు కిషన్‌రావు.

మోండా బజారులో జొన్నల అడ్తీ దుకాణం నడిపిన గొంతు అది. ఆ గొంతుకు ఒకప్పుడు బస్తాలు మోసే హమాలీలంతా లేచి నిలబడేవారు. సుందరబాయి లేచే ఉంది కనుక కొత్తగా లేవలేదు. బావగారితో ఎదురుగా మాట్లాడే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. తల మీది కొంగు సర్దుకుని స్నేహల్ వైపు చూసి, "ఆ మూల నువ్వు పట్టు బిడ్డా. ఈ మూల నేను పడ్త," అంది.

ఇద్దరాడవాళ్లూ దేవారాను పక్కకు జరిపారు. దాని కింద బండకు తుప్పు పట్టిన ఇనుప కడియం ఉంది.

గోడ అవతల గునపం దెబ్బలు వినిపిస్తున్నాయి. శంకర్రావు పొద్దుటి నుంచీ పాత బండలు పీకి కొత్త టైల్స్ వేసుకునే పనిలో ఉన్నాడు. ఆ చప్పుడుకు ఈ ఇంట్లో అందరికీ తల దిమ్మెక్కి ఉంది.

"పాతర," అన్నాడు కిషన్‌రావు చివరికి. "మా తాతలనాటిది. అప్పట్ల జొన్నలు పోసి మూతేసేటోళ్లు. ఇప్పుడెవలు పోస్తరు? మూసేసినం. దాని సంగతి చెప్పేటందుకేమున్నది?"

"మూసేసుడంటే మట్టి పోసి మూస్తరు మామ," అంది స్నేహల్. "గిది మూసినట్ల లేదు. బండ పెట్టి మీద దేవుని కూసోబెట్టిండ్రు."

నాగనాథ్ ముఖం ఎర్రబడింది. అతని కోపమంతా భార్య మీదే. తండ్రి పోతే తనను చదివించినవాడు ఈ మామ. రైల్వే పరీక్షకు సికింద్రాబాద్ తీసుకుపోయి, పరీక్ష అయ్యేదాకా ఎండలో గేటు దగ్గర నిలబడినవాడు. అలాంటి మనిషి ముందు తన భార్య పోలీసులా నిలబడి నిలదీస్తుంటే అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పాపం, కుంగిపోవడానికి చోటు కూడా పక్కనే ఉంది.

"నీకేం గావాలె ఇప్పుడు?" అన్నాడు.

"దాని మీదనే మనం పండుకునేది. గోదారి గంగ నిండుగ అచ్చినప్పుడు ఈ గల్లీల నేలంత నీరు పట్టదా? లోపల గోడలు నాని కూలితె మంచంతోటి కిందికి పోతం."

"నేను దిగి సూస్త. గట్టిగనే ఉన్నదంటె మల్ల నోరెత్తవు గద? మామకు దండం పెట్టి తప్పయిందంటవు గద?"

"అద్దురా," అన్నాడు కిషన్‌రావు.

నాగనాథ్ వినలేదు. తలుపు వెనక ఉన్న ఇనుప సలాక తెచ్చి కడియంలో దూర్చి లేపాడు. బండ బరువుగా కదిలి పక్కకు ఒరిగింది. లోపలి నుంచి పులిసిన వాసన వచ్చింది, ఎండాకాలంలో మరిచిపోయిన అంబలి కుండ మూత తీసినప్పటి లాంటిది. మూతి సన్నం, ఒక మనిషి పట్టేంత. లోపల కడుపు పెద్దది. దిగడానికి గోడకు కాలి గుంటలు తవ్వి ఉన్నాయి.

అతను తన బ్యాటరీ లైటుకు తాడు కట్టి లోపలికి దించాడు. వెలుగు తళతళా పరుచుకుంది. పేడా మట్టీ కలిపి పూసిన గోడలు ఎక్కడా పగుళ్లు లేకుండా కనిపించాయి. అడుగున ఎప్పటివో జొన్నలు నల్లగా మురిగి తడితడిగా మెరుస్తున్నాయి. వాటి మధ్య పొడుగాటి వస్తువేదో ఒకటి తళుక్కుమంది.

"ఏదో డబ్బ," అన్నాడు నాగనాథ్. "గోడలు సూడు, ఎట్లున్నయో. నిన్న పూసినట్లున్నయి."

సుందరబాయి కూడా ముందుకు వంగి చూసింది. చూసి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఆమెను ఆ క్షణంలో ఎవరూ పట్టించుకోలేదు.

నాగనాథ్ బ్యాటరీ పైకి లాగి, ప్యాంటు మడిచి, అంచున కూర్చుని కాళ్లు లోపలికి పెట్టాడు. మొదటి గుంట కాలికి అందింది.

కిషన్‌రావు ఒక్క అంగలో వచ్చి మేనల్లుడి జబ్బ పట్టుకున్నాడు. "అద్దన్ననా లేదా?"

"ఏమైతది మామ?"

"పాములుంటయి."

"బ్యాటరీ వేసి సూస్తిమి గద. చీమ గూడ లేదు."

కిషన్‌రావు చెయ్యి వదలలేదు. నాగనాథ్ దాన్ని ప్రేమ అనుకున్నాడు. ఇంత అవమానం జరిగినా మామకు నా మీద ఎంత మమత అనుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి కూడా. స్నేహల్‌కు కనిపించింది వేరు. ఆయన చూపు మేనల్లుడి మీద లేదు, గుంత అడుగు మీద ఉంది. ఆయనకు ఏదో తెలుసు, తెలిసి చెప్పడం లేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"ఎందుకద్దో చెప్పున్రి మామ," అంది. "చెప్తె ఆయన దిగడు."

కిషన్‌రావు గోడ వైపు చూశాడు. గోడ అవతల గునపం దెబ్బ మీద దెబ్బ పడుతోంది.

నాగనాథ్ విసురుగా చెయ్యి విడిపించుకుని రెండో గుంటలోకి కాలు దించాడు. నడుము దాకా లోపలికి వెళ్లాడు. అప్పుడు స్నేహల్‌కు ఆ వాసన ఎక్కడిదో గుర్తొచ్చింది. బిలోలిలో వాళ్ల నాయనమ్మ పాతర తీయించే రోజు ఇంట్లో పిల్లలను అరుగు దిగనిచ్చేది కాదు. మూత తీసి పొద్దంతా వదిలేసేది. తర్వాత గంపలో దీపం పెట్టి తాడుతో దించేది. దీపం ఆరకుండా అడుగు దాకా పోయి వస్తేనే జీతగాడు దిగాలి. అంతదాకా పెద్దదొర వచ్చి చెప్పినా దిగనిచ్చేది కాదు.

ఆమె వంగి భర్త అంగీ కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"ఆగు. దీపం దించాలె."

"బ్యాటరీ ఉండంగ దీపమెందుకు? ఏ కాలంల ఉన్నవ్ నువ్వు?"

"బ్యాటరీ ఎలుగిస్తది. లోపల గాలి ఉన్నదో లేదో దానికేం ఎరుక? నువ్వు సచ్చిపడినంక గూడ అది ఎలుగుతనే ఉంటది."

"ఇడువు."

"ఇడువ. చింపుకుంటవో చింపుకో."

గుండీ ఒకటి తెగి గుంతలో పడింది. అతనికి కోపంతో పళ్లు పటపటలాడుతున్నాయి. ఆమె పట్టు సడలించలేదు. నలుగురిలో భర్త అంగీ పట్టుకుని గుంజే ఆడది అని రేపు చుట్టాలంతా అంటారు. అననీ అనుకుంది.

అప్పుడు సుందరబాయి గూట్లోంచి దేవుడి దీపం తీసింది. ఇత్తడి పూలసజ్జలో పెట్టి, దాని పిడికి తాడు కట్టి తెచ్చింది.

"దేవుని దీపం పాతరల దించుతవా?" అన్నాడు కిషన్‌రావు. "ఆరితె ఇంటికి మంచిది కాదు."

ఆమె ఆ మాట విననట్టే ఉంది. "నాగనాథ్, జర పైకి రా బిడ్డా. దీపానికి తొవ్వ ఇయ్యి," అంది.

చిన్నత్త మాట తీసేయలేక అతను పైకి వచ్చి అంచున కూర్చున్నాడు. సజ్జ దిగింది. మూతి దగ్గర దీపం నిలకడగా ఉంది. మెడ దాటింది. ఇంకొంచెం దిగగానే వత్తి నీలంగా మారి, గింజంత అయి, గాలి ఊదినట్టయినా లేకుండా ఆరిపోయింది.

"గాలి తగిలి ఉంటది," అన్నాడు నాగనాథ్. తన గొంతు తనకే నచ్చలేదు.

ఆమె పైకి లాగి మళ్లీ వెలిగించి దించింది. మళ్లీ అక్కడే, అదే లోతులో ఆరింది. గాలి తగిలి ఆరిందనుకోవడానికి లోపల గాలే లేదు.

నాగనాథ్ ఆ చోటు వైపు చూస్తూ ఉండిపోయాడు. తన కాళ్లు ఇందాక అక్కడే ఉన్నాయి. ఇంకో రెండు గుంటలు దిగి ఉంటే ముక్కు అక్కడికి చేరేది. తర్వాత పట్టు తప్పి అడుగున ఆ మురిగిన జొన్నల మీద పడేవాడు. బ్యాటరీ పక్కన వెలుగుతూ ఉండేది, పైనుంచి చూస్తే అంతా చక్కగా కనిపించేది.

స్నేహల్ అతని పక్కన కూర్చుంది. అతని చెంప పగలగొట్టాలని ఉంది, పట్టుకుని ఏడవాలని కూడా ఉంది. రెండూ చేయలేదు. అతని చిరిగిన కాలరు సర్దింది.

"తప్పయింది," అన్నాడు నాగనాథ్ మెల్లగా. ఎవరితో అన్నాడో చెప్పనక్కరలేదు.

గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. పక్క వాటా పార్వతీబాయి, శంకర్రావు భార్య. చీర కుచ్చెళ్లకు సున్నం దుమ్ము. లోపల వాళ్ల ముఖాలు చూసి గడప బయటే ఆగింది.

"ఏమయిందక్కా? అందరు గిట్లున్నరు?"

"కాహీ నాహీ," అంది స్నేహల్. "ఏం లేదు, రా."

"రాను, పనున్నది. ఆ బ్యాటరీ జరసేపు ఇస్తరా? మా ఇంటాయన అడగమన్నడు." భర్త పేరు ఎత్తే అలవాటు ఆమెకు లేదు. ఓటరు కార్డులు రాసేవాడు వచ్చినప్పుడు కూడా పక్కింటి పిల్లతో చెప్పించింది.

నాగనాథ్ ఇంకా తేరుకోలేదు. కింద పడి ఉన్న బ్యాటరీని చూడకుండానే తీసి, తాడు విప్పి ఆమె చేతికిచ్చాడు.

కిషన్‌రావు తలెత్తాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా సుందరబాయి ఆరిన దీపం పట్టుకుని ఆయన్నే చూస్తోంది. నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం గురించి ఆయన తర్వాత బతికినన్నాళ్లూ తలుచుకున్నాడు. కాని తలుచుకోవడం వల్ల క్షణాలు తిరిగి రావు.

పార్వతీబాయి వెళ్లిపోయింది.

సుందరబాయి తల మీది కొంగు వెనక్కి తోసింది. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత మొదటిసారి బావగారి కళ్లలోకి చూసి నేరుగా మాట్లాడింది.

"కింద మెరిసింది డబ్బ కాదు బావ."

కిషన్‌రావు చూపు పాతర మూతి మీదికి పోయింది.

"నేను ధర్మాబాద్ మా చెల్లె పురుటికి పోయిన. పోయేముందు రోజు నువ్వు నిజామాబాద్ నుంచి కొత్త బ్యాటరీ తెచ్చినవ్. పొడుగుది, స్టీలుది. ఆయన చిన్నపిల్లగాని లెక్క గోడల మీద ఏసి ఏసి సూసిండు. నేను మర్లి అచ్చెటాలకు ఆయనను వాకిట్ల పండుకోబెట్టిండ్రు. ఛాతిల నొప్పి లేచింది, దవాఖానకు పోయే యాళ్ల గూడ లేకుండె అన్నవ్. నమ్మిన. మా ఆయన వెంట్రుకలల్ల జొన్నపొట్టు ఉన్నది. స్నానం పోసేటప్పుడు నా చేతులతోనే తీసిన. జొన్నపొట్టెట్ల అచ్చిందని ఇన్నేండ్లు నన్ను నేనే అడుక్కున్న, నిన్ను అడగలేదు. బావవు గద, ఎట్ల అడుగుదును?"

ఆమె గొంతు పెరగలేదు. ఏడుపు కూడా లేదు. ఆ లేకపోవడమే నాగనాథ్ తట్టుకోలేకపోయాడు. చిన్నమామ తనకు బొంగరం తిప్పడం నేర్పినవాడు.

"మామ," అన్నాడు. "చిన్నమామ పోయింది ఈ పాతరలనేనా?"

"ఇప్పుడు నాగనాథ్ అన్నట్టె, ఆనాడు కొత్త బ్యాటరీ ఉండంగ దీపమెందుకు అన్నది నువ్వే గద బావ?" అంది సుందరబాయి. "నువ్వే అన్నవు. ఆయనకు దీపం సంగతి ఎరుకే. నువ్వు అన్నవని దిగిండు. అన్న మాట ఆయన ఏనాడన్న దాటిండా?"

కిషన్‌రావు మెల్లగా నేల మీద కూర్చున్నాడు. బస్తాలు దించినట్టు కూర్చున్నాడు. ఇంత పెద్ద మనిషి ఇంత చిన్నగా ఉంటాడని స్నేహల్ అనుకోలేదు.

"పిలిసిన," అన్నాడు. "ఎలుగు కనవడుతనే ఉండె. పలుకకపోతె మజాక్ చేస్తున్నడనుకున్న. నేను దిగవోతె నాకు గూడ కండ్లు తిరిగినయి. కొండి ఏసి గుంజి తీసినం. పోలీసులు, పంచనామా, ఇంటికి చెడ్డపేరు... ఛాతి నొప్పి అన్న. బండ మూసి దేవుని పెట్టిన, ఇగ ఎవ్వలు తియ్యరని."

"తియ్యకుంటె ఈ పిల్లగానికి అమ్ముకుందువు. నీ అక్క కొడుకుకు."

నాగనాథ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మామను చూడలేకపోతున్నాడు. రిజిస్ట్రీ, బయానా, ఇల్లు అన్నీ మనసులోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

"సుందరా," అన్నాడు కిషన్‌రావు. "నన్ను తర్వాత అడుగు. ఏమన్న అడుగు. ముందు గిది ఇనున్రి."

"ఇంకేమున్నది ఇనేటందుకు?"

"మా తాత పాతర ఒక్కటి తవ్వియ్యలే. జోడు తవ్విపిచ్చిండు. ఒకటి కొత్త జొన్నలకు, ఒకటి పాత జొన్నలకు." ఆయన చెయ్యి లేచి గోడ వైపు చూపించింది. "రెండోది అవతల. శంకర్రావుకు అమ్మినప్పుడు చెప్పలే."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్నేహల్ తన భర్త ఖాళీ చేతుల వైపు చూసింది. అతని కాళ్ల దగ్గర బ్యాటరీకి కట్టిన తాడు మాత్రం పడి ఉంది.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పొద్దుటి నుంచీ తల దిమ్మెక్కించిన గునపం చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో వాళ్లలో ఎవరూ గమనించలేదు.

నాగనాథ్ తాడు అందుకుని గుమ్మం వైపు పరుగెత్తాడు. స్నేహల్ గోడకు చెవి ఆనించింది. అవతల పార్వతీబాయి గొంతు వినిపిస్తోంది. "ఇంటున్నవా? అడుగు దొరికిందా?" అంటోంది ముందు మామూలుగానే. కాసేపు ఆగింది. "ఓ... పలుకవేంది?" అంది.

మళ్లీ ఆగింది. ఆ తర్వాత, పెళ్లయిన నాటి నుంచీ ఒక్కసారి కూడా నోట పలకని పేరును, గట్టిగా, ఇంకా గట్టిగా, "శంకర్రావ్, శంకర్రావ్," అని నేలలోకి పిలవడం మొదలుపెట్టింది.